చువారియా మాలతియే

కరోనా రావడానికి ఏడాదిన్నర ముందు, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, నన్ను అమీర్‌పేటలోని మా పురాజీవ విభాగం ప్రయోగశాలకు ఇన్‌ఛార్జిగా వేశారు. మాది భూగర్భ పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ. అప్పటికి నా హోదా సూపరింటెండింగ్ జియాలజిస్టు. డైరెక్టరుకు ఒక మెట్టు కింద, గుట్టల వెంట తిరిగే జియాలజిస్టులకు ఒక మెట్టు పైన ఉండే పదవి అది. రిటైర్మెంటు దగ్గరపడుతున్న వాళ్లకు ఇలాంటి కుర్చీ పనులు ఇవ్వడం మా దగ్గర మామూలే.

ఆర్డరులో రాసిన పని ఒకటే. తాండూరు, కర్నూలు ప్రాంతాల షేల్ రాళ్లలో దొరికిన ప్రాచీన శైవలాల శిలాజాలన్నిటినీ మళ్లీ పరీక్షించి, వర్గీకరణ సరిచూసి, సేకరణను వేరే ఊళ్లోని కేంద్ర మ్యూజియానికి అప్పగించాలి. ఒకసారి అక్కడికి చేరితే ఆ పెట్టెలను మళ్లీ విప్పేవాళ్లు అరుదు. అందుకని పేర్లలో తప్పులుంటే ముందే దిద్దాలని పైనుంచి వచ్చిన ఆదేశం.

ప్రయోగశాల అద్దె భవనంలో మూడో అంతస్తులో ఉండేది. కింది రెండు అంతస్తుల నిండా కంప్యూటర్ కోర్సులు చెప్పే ఇన్‌స్టిట్యూట్లే. మెట్ల మీద ఎప్పుడూ పిల్లలు బ్యాగులతో నిలబడి ఉండేవారు. లిఫ్టులో నన్ను చూసి, పైథాన్ బ్యాచ్ పైనేనా ఆంటీ అని అడిగినవాళ్లు చాలామంది. కిటికీ బయట మెట్రో లైను. రైలు వెళ్లినప్పుడల్లా మైక్రోస్కోపులో బొమ్మ సన్నగా వణికేది. ఫొటో తీయాలంటే రైలు దాటిపోయేదాకా ఆగాల్సి వచ్చేది.

మేం పరీక్షించే శిలాజాల గురించి కొంచెం చెప్పాలి. కేంబ్రియన్ యుగానికి ముందు, అంటే యాభై కోట్ల ఏళ్లకు పైగా వెనక, భూమి మీద ఎముక, గవ్వ ఉన్న ప్రాణి లేదు. సముద్రాల్లో సూక్ష్మజీవులు, నాచుజాతి శైవలాలు ఉండేవి. అవి చచ్చి అడుగు బురదలో పడి, ఆ బురద గట్టిపడి షేల్‌గా మారింది. షేల్ అంటే పలుచని పొరలుగా విడిపోయే మట్టిరాయి. ఆ పొరను ఉలితో జాగ్రత్తగా విప్పితే లోపల నల్లని చుక్కలు కనిపిస్తాయి. కొన్ని ఆవగింజంత, కొన్ని పెసరబద్దంత. అదంతా బొగ్గుగా మారిన పలుచని పొర. వీటిలో గుండ్రంగా బిళ్లలా ఉండేదాన్ని చువారియా అంటారు. బతికున్నప్పుడు అది నీటిలో తేలే చిన్న గోళం. మట్టి బరువుకు అణిగి బిళ్ల అయింది. గోళం అణిగింది కాబట్టి అంచున వలయాల్లా ముడతలు పడతాయి. ఇదే జాతి చుక్కలు అమెరికాలో, స్వీడన్‌లో, చైనాలో కూడా దొరికాయి.

మా సేకరణలో మాత్రం ఇంకెక్కడా లేని ఒక జాతి ఉండేది. బిళ్ల అంచున ఒక పక్కకు చిన్న తోకలాంటిది పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ తోక శైవలం సముద్రపు అడుగును పట్టుకునే కాడ అని, కాబట్టి ఇది తేలే జాతి కాదనీ నాటుకుని బతికే వేరే జాతి అనీ వర్ణించి, కొత్త పేరు పెట్టారు. ఆ పేరు చువారియా మాలతియే. మొదటి మాట ఇంటిపేరు లాంటిది, రెండోది ఆ ఒక్క జాతికే చెందిన పేరు. పెట్టినది యాదగిరి గారు.

నేను అసిస్టెంట్ జియాలజిస్టుగా ఉద్యోగంలో చేరినప్పుడు నా మొదటి ఫీల్డ్ క్యాంపుకు ఆయనే పార్టీ చీఫ్, అంటే మా బృందానికి పెద్ద. మాది తెనాలి దగ్గర. రాయి మీద సుత్తి ఎలా వేయాలో కూడా తెలియకుండా వచ్చాను. రాయిని కొట్టకు, దాని పొర ఎటు పోతుందో చూసి అటునుంచి దాన్ని అడుగు అనేవారు. ఆయనది కరీంనగర్ వైపు రైతు కుటుంబం. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాలతి ఎవరని నేను ఎప్పుడూ అడగలేదు. క్యాంపులో వంటమనిషి చెప్పాడు. మాలతి ఆయన కూతురు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు మెదడువాపు జ్వరంతో పోయింది. అప్పుడు ఆయన తాండూరు దగ్గర క్యాంపులో ఉన్నారు. అక్కడికి ఫోన్ లేదు. కబురు జీపులో వచ్చింది. ఆయన ఇంటికి చేరేసరికి పాపను పూడ్చిపెట్టడం అయిపోయింది. కర్మలు ముగిశాక, సీజను పని మధ్యలో ఉందని మళ్లీ అదే క్యాంపుకు వెళ్లారు. తోక ఉన్న బిళ్లలు దొరికింది ఆ వెళ్లినప్పుడే.

జాతికి మనిషి పేరు పెట్టడం మా శాస్త్రంలో మర్యాదగా భావించే పద్ధతి. లాటిన్ వ్యాకరణం ప్రకారం స్త్రీ పేరు చివర చేర్చే ప్రత్యయం వల్ల మాలతి కాస్తా మాలతియే అవుతుంది. మాలతి యొక్క అని దాని అర్థం. ఆ పేరు పలికినప్పుడు తెలుగువాడికి వినిపించేది మాత్రం వేరు. ఇది మాలతియే, మరెవరూ కాదు అన్నట్టు ఉంటుంది. యాదగిరి గారు పేరు పూర్తిగా అనేవారు కాదు. నమూనాల గురించి మాట్లాడేటప్పుడు మాలతి అనే అనేవారు. మేమూ అలాగే అనేవాళ్లం.

నేను అమీర్‌పేటకు వచ్చేనాటికి ఆయన రిటైరై చాలా కాలమైంది. భార్య సుశీల గారితో ఎస్.ఆర్. నగర్‌లో ఉండేవారు. చిన్న ఇల్లు. పైభాగాన్ని ఉద్యోగాల వేటలో ఉన్న కుర్రాళ్లకు అద్దెకిచ్చారు. మాలతి తర్వాత వాళ్లకు పిల్లలు కలగలేదు. ఆయన మూత్రపిండాలు రెండూ దెబ్బతిని, పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకుంటున్నారని విని, ఛార్జి తీసుకున్న వారంలోనే చూడటానికి వెళ్లాను. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే పంజాగుట్ట.

మనిషి సగమయ్యారు. చేతికి గొట్టాలు, పక్కన యంత్రం. నన్ను చూడగానే గుర్తుపట్టారు. సేకరణ నా చేతికి వచ్చిందని చెప్పాను. ఆయన కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట ఇది.

"నా మాలతి ఎట్లున్నది?"

బాగుంది సార్, పెట్టెలో భద్రంగా ఉంది అన్నాను. అప్పటికి అది నిజమే.

వర్గీకరణ సరిచూడటానికి ఒక వరస ఉంది. మొదట ప్రతి జాతికి ఆధారమైన అసలు నమూనాను బయటికి తీస్తాం. దాన్ని హోలోటైప్ అంటారు. ఒక జాతి పేరు ఆ ఒక్క నమూనాకే కట్టుబడి ఉంటుంది. దాన్ని పగలగొట్టకూడదు, కరిగించకూడదు. దాంతోపాటు అదే చోట దొరికిన తోడు నమూనాలుంటాయి. పరీక్షలు వాటి మీద చేస్తాం. ప్రతి బిళ్ల నిడివి, వెడల్పు మైక్రోస్కోపు కొలబద్దతో తీసుకుంటాం. ఆ తర్వాత అవసరమైతే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పెడతాం. అది రాతిని తింటుంది, నల్లని పొరను ముట్టదు. గాజును కూడా తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ గిన్నెలో, పొగలు బయటికి లాగే అల్మరాలో పెట్టి, మందపాటి తొడుగులు వేసుకుని చేయాలి. చివరికి రాయి పోయి శైవలపు పొర ఒక్కటే నీటిలో తేలుతుంది. అప్పుడు దాని గుండా వెలుతురు పంపి లోపలి నిర్మాణం చూడొచ్చు.

మాలతియే తోడు నమూనాల్లో ఒకదాన్ని అలా విడదీశాను. తోక ఉన్న చోట పొర మిగతా చోట్లకన్నా నల్లగా కనిపించింది. దగ్గరగా చూస్తే అక్కడ రెండు పొరలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. బిళ్ల మధ్య నుంచి అంచుదాకా ఒక చీలిక. చీలిక అంచులు రెండూ, చించిన కాగితం ముక్కల్లా, ఒకదానికొకటి సరిపోయాయి. ఇంకొకటి విడదీశాను. మరొకటి విడదీశాను. అన్నిటిలోనూ అదే.

చువారియా గోళాలు బతికున్నప్పుడే, బహుశా లోపలి బీజాలను వదలడానికి, మధ్యకు చీలతాయని తెలిసిన విషయమే. చీలిన గోళం బురదలో అణిగేటప్పుడు ఒక సగం జారి పక్కకు మడతపడితే అంచున తోకలా కనిపిస్తుంది. అలాగైతే అది కాడ కాదు. అది వేరే జాతి కాదు. మామూలు చువారియానే, పగిలింది.

ఇంత మాత్రానికే తేల్చేయకూడదు. తాండూరు దగ్గర ఆయన సేకరించిన పాత క్వారీకి వెళ్లాను. ఇళ్లలో పరిచే బండల కోసం తవ్విన గుంత అది. అడుగున నీళ్లు నిలిచాయి కానీ పై పొరలు అందుబాటులోనే ఉన్నాయి. ఒక పలకను విప్పితే అన్నీ ఒక్కచోటే కనిపించాయి. చెక్కుచెదరని బిళ్ల, సన్నగా చీలిన బిళ్ల, సగం తెరుచుకున్నది, పూర్తిగా మడతపడి తోక వచ్చినది. ఒకదాని నుంచి ఇంకొకటి ఎక్కడ మొదలైందో గీత గీయలేం. మధ్యలో గీత గీయలేనప్పుడు రెండు జాతులు లేవని అర్థం. ఆ పలకను గుడ్డలో చుట్టుకుని జీపులో ఒళ్లో పెట్టుకున్నాను. డ్రైవరు వెనక పెట్టమన్నా పెట్టలేదు. దారి పొడవునా, ఇంకో వివరణ ఏదైనా మిగిలిందేమోనని వెతుకుతూనే ఉన్నాను. మిగల్లేదు.

మా శాస్త్రంలో పేర్ల విషయమై అంతర్జాతీయ నియమావళి ఉంది. ఒకే జీవికి రెండు పేర్లున్నాయని తేలితే ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. తర్వాతి పేరు పర్యాయనామం అవుతుంది. ఇక ఎవరూ దాన్ని వాడరు. చువారియాకు మొదటి జాతి పేరు ఎప్పుడో అమెరికా రాళ్లలో దొరికినదానికి పెట్టారు. కాబట్టి పోవలసింది మాలతి.

డైరెక్టరు గారికి చెప్పాను. ఆయన చెడ్డ మనిషి కాదు. ఫొటోలన్నీ చూసి, వాదనలో లోపం లేదన్నారు. కానీ యాదగిరి గారి ఆరోగ్యం సంగతి మీకు తెలుసు కదా, ఈ వ్యాసం కొన్నాళ్లు ఆపుదాం అన్నారు. కొన్నాళ్లు అంటే ఎన్నాళ్లని నేను అడగలేదు. ఆగమంటున్నది దేనికోసమో ఇద్దరికీ తెలుసు. ఆయన ఉద్దేశం దయే. కానీ ఒక మనిషి పోవడం కోసం కాచుకుని, పోగానే ఆయన పని కొట్టేయడం నాకు మింగుడుపడలేదు. అటు చూస్తే, మంచంలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్లి ఈ మాట చెప్పడానికీ నోరు రాలేదు.

తర్వాత రెండు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లాను. చెప్పకుండానే వచ్చేశాను. డయాలసిస్ గది బయట కుర్చీలో సుశీల గారు స్టీలు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. లోపలికి వెళ్లేముందు ఆవిడతో మాట్లాడేదాన్ని. ఒకరోజు ఆవిడే అన్నారు, మాలతి అచ్చయిన కాగితం ఇంట్లో పాప ఫొటో పక్కన ఫ్రేము కట్టించి పెట్టామని, రోజూ దానికీ ఒక పువ్వు పెడతానని. ఆ రోజు నేను లోపలికి వెళ్లి అయిదు నిమిషాలు కూడా ఉండలేకపోయాను.

చివరికి ఆయనే పసిగట్టారు. మనిషి బలహీనపడ్డారు గానీ చూపు తగ్గలేదు. నేను వచ్చినప్పుడల్లా కర్నూలు రాళ్ల గురించే చెబుతున్నానని, తాండూరు ఊసెత్తడం లేదని గమనించారు.

"పద్మజా, నువ్వు మాలతిని కరిగించినవు గదా. ఏం కనబడ్డది? జర ఉన్నదున్నట్టు చెప్పు."

బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి ఫొటోలు చూపించాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఆఫీసులో రిపోర్టు చదివినట్టు చదివాను. ఆయన ఒక్కో ఫొటో దగ్గర చాలాసేపు ఆగారు.

"తోక ఉన్న దిక్కు గోడ మందం రెండింతలున్నదా?"

"ఉంది సార్. రెండు పొరలు కనిపిస్తున్నాయి."

"అన్నిట్లనా?"

"విడదీసిన అన్నిటిలోనూ సార్."

"అయితే అది కాడ కాదు. మడత."

ఆ మాట అని అటు తిరిగి పడుకున్నారు. నేను ల్యాప్‌టాప్ మూసి కూర్చున్నాను. నర్సు వచ్చి టైమైంది అనేదాకా ఆయన ఇటు తిరగలేదు. లేచి వెళ్తుంటే, అసలు నమూనాను తాను ఒకసారి చూడాలని మాత్రం అన్నారు. హోలోటైప్‌ను ప్రయోగశాల దాటించకూడదు. ఆ సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు. తానే వస్తానన్నారు.

వచ్చారు. డయాలసిస్ లేని రోజు చూసుకుని, పొద్దున పూట ఆటోలో సుశీల గారు తీసుకొచ్చారు. కింద ఇన్‌స్టిట్యూట్ పిల్లలు పక్కకు జరిగి దారిచ్చారు. ఒకమ్మాయి ఆయన సంచి పట్టుకుని లిఫ్టుదాకా వచ్చింది. సుశీల గారు మెట్ల పక్కన కుర్చీలోనే ఉండిపోయారు. లోపల వాసనలకు దగ్గు వస్తుందన్నారు.

మైక్రోస్కోపు కింద హోలోటైప్ పెట్టి వెలుతురు సర్దాను. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి వంగారు. ఫోకస్ మర కోసం వేళ్లతో తడుముకున్నారు. నేను తిప్పబోతే వద్దని చేత్తో సైగ చేశారు. రైలు వెళ్లింది. బొమ్మ కదిలి ఉంటుంది. ఆయన తల ఎత్తకుండా అది ఆగేదాకా అలాగే ఉన్నారు. తర్వాత నమూనాను కొద్దికొద్దిగా తిప్పి, దీపాన్ని పక్కకు వాల్చి, ఏటవాలు వెలుతురులో చూశారు. ఆమ్లంతో కరిగించకుండా రాతి మీద చీలికను చూడాలంటే అదొక్కటే దారి. నాకు ఆయన నేర్పినదే.

"ఇక్కడ గీత ఉన్నది," అన్నారు. "అప్పుడు సుత కనబడ్డది. కాడకు నరం అనుకున్న. బొమ్మల గట్లనే గీసిన."

ఆ రోజుల్లో ఆమ్లం పెట్టే వసతి లేదు కదా సార్ అన్నాను.

"లేకుండె. ఉన్నా నేను పెట్టకపోతుంటి. దొరికినయే కొన్ని. కరిగించ బుద్ధి కాకపోతుండె."

అప్పుడు నేను ఆలోచించి పెట్టుకున్న మాట చెప్పాను. జాతిగా తీసేసినా, ఈ ఆకారాన్ని ఒక రూపభేదంగా ఉంచి, మాలతియే రూపం అని పిలవొచ్చు. నియమాలు దాన్ని పూర్తిగా కాదనవు. సమీక్షకులు కూడా పెద్దగా పట్టించుకోరు. పేరు నిలుస్తుంది. డైరెక్టరు గారితో కూడా మాట్లాడి ఉంచాను, ఆయన సరేనన్నారు.

యాదగిరి గారు కళ్లజోడు పెట్టుకున్నారు. నా వైపు చూశారు. కోపం లేదు.

"పగిలినదానికి వేరే పేరు పెడతమా? నువ్వు పెడతవా?"

"పెట్టను సార్."

"మరి నా బిడ్డ పేరని పెడుతున్నవు. దయతోని నిలబెట్టద్దమ్మా. రేపు ఎవడో వచ్చి నవ్వుకుంట కొట్టేస్తడు. గదంత ఎందుకు? మనమే తీద్దాం. నా పేరు సుత రాయి."

తన జాతిని తానే రద్దు చేసే వ్యాసంలో సహ రచయితగా ఉంటానని ఆయన అడగడం అర్థమవడానికి నాకు కొంచెంసేపు పట్టింది. మా రంగంలో అలా జరగదని కాదు, అరుదు. మామూలుగా పెట్టినవాళ్లు చివరిదాకా వాదిస్తారు, లేదా మౌనంగా ఉండిపోతారు.

ఆ తర్వాత నేను రాసినది పంజాగుట్టకు తీసుకెళ్లి చదివి వినిపించేదాన్ని. ఆయన మంచంలోంచే దిద్దేవారు. పాత వర్ణనలో తోకను కాడగా భావించడం పరిశీలన లోపం అని నేను మెత్తగా రాస్తే, లోపం కాదు, తప్పు అని రాయమన్నారు. పాత వ్యాసంలోని బొమ్మను నేను వదిలేస్తే మాత్రం ఒప్పుకోలేదు. తాను చేత్తో గీసిన ఆ బొమ్మను కొత్త ఫొటో పక్కనే అచ్చు వేయాలన్నారు. రెండూ పక్కపక్కన ఉంటే చదివేవాడికి తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుందట. అలాగే పెట్టాను.

వ్యాసం సమీక్షకు వెళ్లింది. సవరణలతో తిరిగి వచ్చేలోపే ఆయన పోయారు. గుండె ఆగిపోయిందని చెప్పారు. అంత్యక్రియలకు వెళ్లాను. పాత ఉద్యోగులు కొందరు వచ్చారు. డైరెక్టరు గారు నా పక్కన నిలబడి, మీరు ముందే చెప్పడం మంచిదైంది అని ఒక్క మాటన్నారు. అప్పుడు నా ఆలోచన ఒక్కటే. ఆయనను ఆ చివరి నెలల్లో ఇంత బాధకు గురిచేయడం అవసరమా అని.

అచ్చయినప్పుడు ఆయన పేరు పక్కన చిన్న శిలువలాంటి గుర్తు వేశారు. రచయిత మరణించారని తెలిపే ఆనవాయితీ గుర్తు అది. లోపల, నిలిచిన జాతి పేరు కింద, చిన్న అక్షరాల్లో పర్యాయనామాల వరస ఉంటుంది. అందులో చువారియా మాలతియే, దాని పక్కన యాదగిరి గారి పేరు. ఒకసారి సక్రమంగా అచ్చయిన పేరును నియమావళి చెరిపేయదు. వాడకం నుంచి మాత్రమే తీసేస్తుంది.

ఆ సంచిక ప్రతిని తీసుకుని ఎస్.ఆర్. నగర్ వెళ్లాను. ఇవ్వకుండా ఉండలేను. ఇచ్చి ఏం చెప్పాలో తెలియదు. ఆయన భార్యకు చెప్పారో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు. సుశీల గారు తలుపు తీసి, లోపలికి రమ్మని, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. హాల్లో గోడకు పాప ఫొటో ఉంది. దాని పక్కన ఆవిడ చెప్పిన ఫ్రేము ఉంది. కింద బల్ల మీద ఆయన ఫొటో కొత్తగా చేరింది. మూడింటికీ బంతిపూలు పెట్టి ఉన్నాయి.

ఆవిడ పత్రికను తీసుకుని, పేజీలు తిప్పి, ఆయన పేరు ఎక్కడుందో అడిగారు. చూపించాను. ఇంగ్లిషు చదవడం ఆవిడకు కొద్దిగా వచ్చు. వేలితో ఆ అక్షరాలు కూడబలుక్కున్నారు. తర్వాత అడిగారు.

"మాలతి ఏడున్నది ఇందుల?"

చిన్న అక్షరాల వరస చూపించాను. నిజం చెప్పక తప్పదనిపించింది. అక్కా, ఈ పేరు ఇకమీద వాడరు, అది వేరే జాతి కాదని తేలింది, సార్ కూడా ఒప్పుకున్నారు అని చెప్పాను.

"నాకెరుక," అన్నారు సుశీల గారు. "మీ ఆఫీసుకు వచ్చిన దినమే, ఆటోల ఇంటికి పోతుంటె చెప్పిండు. ఇన్నొద్దులు మాలతి తాండూరు కాడ ఒక్కతే ఉన్నదనుకుంటిమి, కాదట సుశీలా, అమెరికల ఉన్నదట, చైనాల ఉన్నదట, దునియంత అదేనట అన్నడు. ఒక్కతే లేదట గదమ్మా?"

లేదక్కా, ఒక్కతే లేదు అన్నాను.

"గంతే చాలు," అని ఆవిడ పత్రికను ఒళ్లో పెట్టుకుని చేత్తో నిమిరారు. కాసేపటికి కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ఆటోలో ఆ మాట చెప్పి ఇంటికి చేరాక ఆయన తలుపు వేసుకుని పడుకున్నారని, పిలిచినా చాలాసేపు లేవలేదని అప్పుడు చెప్పారు. తినమంటే తినలేదట. మర్నాడు లేచి మామూలుగానే ఆసుపత్రికి వెళ్లారట.

ఆయన భార్యకు చెప్పిన మాటను ఆ తర్వాత చాలాసార్లు నాలో నేను తరచి చూసుకున్నాను. శాస్త్రపరంగా అందులో దిద్దవలసిందేమీ లేదు. ఒక్క తాండూరుకే పరిమితమైన జాతి అనుకున్నది ప్రపంచమంతటా ఉన్న జాతిలో భాగమని తేలింది. మా వ్యాసం సారాంశం కూడా అదే.

రిటైరయ్యేలోపు నేను ఇంకా కొన్ని పేర్లు తీయాల్సి వచ్చింది. పేరు పెట్టినవాళ్లలో బతికున్నవాళ్లు ఎవరో ముందు కనుక్కునేదాన్ని. అచ్చుకు పంపకముందే నమూనాను వాళ్ల ముందు పెట్టేదాన్ని. ఒకాయన ఒప్పుకోలేదు, ఆయన అభ్యంతరాన్ని కూడా వ్యాసంలో చేర్చాం. ఒకావిడ నేను చూడని నమూనా ఒకటి పంపారు. దాన్ని చూశాక నా అభిప్రాయమే మార్చుకున్నాను. నియమావళిలో ఈ మెట్టు లేదు. దీనివల్ల పని ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు మనుషులకు బాధ కలుగుతుంది. అయినా ఆధారాన్ని మొదట చూడవలసినది, దాన్ని తప్పుగా చదివిన మనిషే. నా ఉద్యోగంలో ఈ ఒక్క సంగతి యాదగిరి గారి దగ్గర ఆలస్యంగా నేర్చుకున్నాను.